అద్దె ప్రతినిధి

"ప్రజల గొంతు వినిపించని నివేదిక నివేదికే కాదు! అది ఊపిరి లేని కాగితం!"

డైరెక్టరు గారు ఈ మాట సోమవారం ఉదయం పదకొండు గంటలకు అన్నారు. బల్ల గుద్ది మరీ అన్నారు. ఆ గుద్దుకు కప్పులోని టీ ఒలికి జాతీయ ప్రగతి నివేదిక చిత్తుప్రతి మీద పడింది. 'సమాజ భాగస్వామ్యం' అనే ఆరో అధ్యాయం తడిసి ముద్దయింది. ఎవరూ కంగారు పడలేదు. ఆ అధ్యాయంలో శీర్షిక తప్ప ఇంకో అక్షరం రాసి ఉంటే కదా!

హెచ్ఐవిని అదుపు చేయడంలో దేశం ఎంతదూరం వచ్చిందో రెండేళ్లకోసారి పై సంస్థకు రాసి పంపాలి. ఆ పై సంస్థ ఎంత పైన ఉంటుందో ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఉత్తరాలు మాత్రం అక్కడి నుంచే పడుతుంటాయి. ఈసారి పడ్డ ఉత్తరంలో కొత్త మెలిక ఒకటుంది. హెచ్ఐవితో బతుకుతున్న మనిషి ఒకరు నివేదిక చదవాలి, ఆ సంస్థ పరిశీలకురాలు వచ్చిన రోజున ఆమె ఎదుట మాట్లాడాలి, చివర సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే నివేదిక వెనక్కి వస్తుంది. అందులో రాసిన అంకెల్ని బట్టే వచ్చే రెండేళ్లకు మందులు ఎన్ని పంపాలో పైవాళ్లు తేలుస్తారు.

"కిందటిసారి బట్టలు కుట్టే ఆవిడ ఒకరు వచ్చారట కదండీ, ఆవిడనే పిలిస్తే పోలా?" అన్నాడు గుమాస్తా. ఉద్యోగంలో చేరి నెలే అయింది కాబట్టి అనగలిగాడు.

గది చల్లబడింది.

కిందటిసారి ఆవిడ వచ్చిన మాట నిజమే. హెచ్ఐవి ఉన్నవాళ్ల సంఘానికి కార్యదర్శి. రెండు గంటలు బుద్ధిగా కూర్చుని అంతా విని, చివర్న ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "మందుల కొరత లేదని రాశారు. ఎవర్ని అడిగి రాశారు?" జవాబు రాకపోయేసరికి దానికి పిల్ల ప్రశ్నలు మరో పందొమ్మిది అడిగింది. నలభై నిమిషాలు ఆగకుండా మాట్లాడింది. అదంతా మినిట్స్ పుస్తకంలోకి ఇలా ఎక్కింది: 'సభ్యురాలు ఆసక్తి కనబరిచారు.' నలభై నిమిషాల మనిషిని మూడు మాటల్లోకి దించడం సూపరింటెండెంటు గారికే చెల్లింది.

ఈ సూపరింటెండెంటు గారిని ఆఫీసులో అందరూ చాటుగా గడుల గారంటారు. కాగితం మీద ఖాళీ గడి కనబడితే ఆయనకు ఒళ్లంతా దురద. ఏదో ఒకటి నింపేదాకా కుదురు ఉండదు.

"సార్, నేనో మాట మనవి చేస్తాను" అన్నారు గడుల గారు. "నిజంగా జబ్బున్న మనిషిని సభలో నిలబెట్టామనుకోండి. ఆ మనిషి సంగతి నలుగురికీ తెలిసిపోతుంది. గోప్యతా నిబంధనకు అది విరుద్ధం. మనల్ని లోపలేస్తారు!"

"అయితే ఏం చేద్దామంటారు?"

"జబ్బు లేని మనిషిని నిలబెడదాం. లేనివాడి సంగతి ఏం బయటపడుతుంది? ఉంటే కదా పడేది! లేనిది బయటపడితే ఏ నిబంధనా అడ్డు రాదు."

డైరెక్టరు గారి ముఖం వెలిగింది. "అంటే, మనం నిబంధన కాపాడటానికే..."

"అచ్చంగా నిబంధన కాపాడటానికే సార్!"

ఇక మనిషి కావాలి. గంటలకొద్దీ నోరు మెదపకుండా కూర్చునేవాడు కావాలి. ఆపమన్నచోట ఆగేవాడు, తిప్పమన్న వైపు తిరిగేవాడు, పొమ్మంటే పోయేవాడు కావాలి. ఇన్ని లక్షణాలూ ఒక్కచోట ఎక్కడ దొరుకుతాయా అని ముగ్గురూ తలలు పట్టుకున్నారు. పట్టుకుని, ఒక్కసారే తలుపు వైపు తిరిగారు. అక్కడ కారు తాళాలు చేతిలో పట్టుకుని డైరెక్టరు గారి డ్రైవరు నిలబడి ఉన్నాడు.

డ్రైవరు గుండె గుభేలుమంది.

ఎందుకు గుభేలుమందో ఆ గదిలో ఎవరికీ తెలియదు. అతనికి హెచ్ఐవి ఉంది. ఆరేళ్లుగా ఉంది. అతని భార్యకూ ఉంది. మందుల కేంద్రాల ప్రారంభోత్సవాలకు డైరెక్టరు గారిని తీసుకెళ్లేది అతనే. తిరిగి కారెక్కగానే డైరెక్టరు గారు రెండు చేతులూ చాపితే శానిటైజరు పోసేదీ అతనే. మోచేతుల దాకా రుద్దుకుంటూ, "పాపమయ్యా, వాళ్లని దగ్గరకు తీయాలి" అని డైరెక్టరు గారు అంటుంటే అద్దంలో చూస్తూ తలూపేదీ అతనే. ఇన్ని చూసినవాడు తన సంగతి ఎవరికి చెప్పుకుంటాడు?

"నావల్ల కాదండీ సార్" అన్నాడు.

"ఏం?" డైరెక్టరు గారి కళ్లు ఎర్రబడ్డాయి. "ఆ జబ్బు పేరెత్తితేనే వెనకడుగా? ఊరికే కుర్చీలో కూర్చోవడానికి కూడా చిన్నతనమా? వివక్ష! చూశారా సూపరింటెండెంటు గారూ, మన ఆఫీసులోనే, నా కారులోనే వివక్ష!"

"సిగ్గుపడాలయ్యా డ్రైవరూ" అన్నారు గడుల గారు.

డ్రైవరు సిగ్గుపడ్డాడు. ఒప్పుకున్నాడు. అతనిది తాత్కాలిక ఉద్యోగం. తాత్కాలికంగా చేరి పదకొండేళ్లయింది.

మంగళవారం శిక్షణ మొదలైంది. స్టోరు గదిలో, పంచకుండా మిగిలిపోయిన పోస్టర్ల కట్టల మధ్య గడుల గారు స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"ఏదీ, ఆ మూల నుంచి ఈ మూలకు నడు."

నడిచాడు.

"అదేం నడకయ్యా! కదిలే బస్సును అందుకోబోతున్నట్టు! నీరసంగా నడవాలి. జబ్బు మనిషివి."

"మాత్రలు వేళకు వేసుకుంటుంటే నీరసం ఎందుకుంటుందండీ?"

"వాళ్ల బాధ నీకేం తెలుసు?"

"నిజమేనండీ. నాకేం తెలుసు."

"ఇప్పుడు ముఖంలో దిగులు చూపించు. నీకు ఈ జబ్బుందని మొట్టమొదట చెప్పిన రోజు. డాక్టరు చెప్పాడు, నువ్వు బయటికొచ్చావు. ఊహించుకో."

డ్రైవరుకు ఊహతో పని లేకపోయింది. ఆ రోజు బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఎదుటి గోడ మీద బస్సుల వేళల పట్టిక ఉంటే మొదటి వరస నుంచి చివరి వరస దాకా మూడుసార్లు చదివాడు. తరవాత లేచి వెళ్లి, పొద్దున కడిగిన కారునే మళ్లీ కడిగాడు. అదంతా ఇప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చిన ముఖంతోనే నిలబడ్డాడు.

గడుల గారు పెదవి విరిచారు. "ఏం లేదే! గోడలా ఉన్నావు! నిజంగా జబ్బున్నవాడు ఇలా ఉంటాడా? నీకు నటన రాదయ్యా." స్టూలు మీంచి లేచి, గుండె మీద చెయ్యి వేసుకుని, కళ్లు పైకప్పుకు తిప్పి, ఓ మూలుగు మూలిగారు. "ఇదీ! ఇలా ఉంటారు."

"ఎక్కడ చూశారండీ?"

"చూడటమెందుకు? పదిహేనేళ్లుగా ఈ శాఖలో ఉన్నాను!"

ఆపైన పాఠం చదివించారు. 'నేను రోజుకు మూడుసార్లు, భోజనం తరువాత మాత్ర వేసుకుంటున్నాను' అన్న చోట డ్రైవరు ఆగిపోయాడు.

"రోజుకు ఒకటేనండీ."

"ఎవరు చెప్పారు నీకు?"

డ్రైవరు చుట్టూ చూశాడు. అదృష్టం బాగుండి గడుల గారి వెనకే ఓ పోస్టరు వేలాడుతోంది. "అందులో రాసుందండీ. మన పోస్టరే."

గడుల గారు వెనక్కి తిరిగి కళ్లజోడు సవరించుకుని చదివారు. పదిహేనేళ్లలో మొదటిసారి చదివారు. "బాగానే రాశారే!" అన్నారు.

"ఇక అసలైన ప్రశ్న. మందులు ఎన్నాళ్లకు సరిపడా ఇస్తున్నారు అని పరిశీలకురాలు అడుగుతుంది. నువ్వేమంటావు?"

డ్రైవరు కాస్త ఆలస్యంగా అన్నాడు. "ముప్పై రోజులకండీ."

"గట్టిగా! సంతోషంగా!"

"ముప్పై రోజులకండీ!"

అది పచ్చి అబద్ధం. ఎనిమిది నెలలుగా మందుల కిటికీలో పదేసి మాత్రలే ఇస్తున్నారు. మిగతావి తరవాత రమ్మంటున్నారు. ఎవరి మాత్రలకు వాళ్లే రావాలి, ఖాళీ డబ్బా చూపించాలి. నెలకు ఒకసారి నిలబడే వరసలో మూడుసార్లు నిలబడుతున్నారు. డ్రైవరు ఈ ఎనిమిది నెలల్లో సెలవు చీటీల మీద మామగారికి నాలుగు ఆపరేషన్లు చేయించాడు. పెళ్లినాటికే ఆయన లేరు. అతని భార్య ఓ బట్టల ఇస్త్రీ షాపులో పనిచేస్తుంది. ఆమె సాకు పన్ను నొప్పి. షాపు యజమాని కిందటి వారమే తేల్చి చెప్పాడు: వచ్చే నెలలో మళ్లీ మూడుసార్లు నొప్పొస్తే, ఆ పళ్లేవో ఇంట్లోనే కూర్చుని నూరుకోమన్నాడు. నివేదికలో ముప్పై అని పడిందా, పైవాళ్లు కొరత లేదనుకుంటారు. ఇంకో రెండేళ్లు ఈ పదులే గతి.

బుధవారం అతని వంతు వచ్చింది. మామగారికి ఐదో ఆపరేషన్ రాసిచ్చి మందుల కేంద్రానికి వెళ్లాడు. వరసలో అతని ముందు కుట్టుపని అక్క ఉంది. వెనకటి సమావేశంలో ఇరవై ప్రశ్నలు అడిగిన మనిషి ఈవిడే. నిలబడే ఓ చొక్కాకు గుండీలు కుడుతోంది. చంకలో పొడుగాటి నోటుపుస్తకం. కిటికీ నుంచి వెనక్కొచ్చే ప్రతి మనిషినీ ఆపి, ఎన్నిచ్చారో అడిగి అందులో రాసుకుంటుంది. ఆ వరసలో ఒకరి పేరు ఒకరు అడగరు, ఏం పని చేస్తావనీ అడగరు. అది ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు, అయినా ఎవరూ తప్పరు. అందుకే డ్రైవరు ఆమెకు ఒట్టి తమ్ముడు.

అతను కిటికీ నుంచి వెనక్కి రాగానే ఆపింది. "తమ్ముడూ, ఎన్నిచ్చారు?"

"పది అక్కా."

"నాకూ పదే." రాసుకుంది. దారం పంటితో తెంపింది. "ఎల్లుండి సభ ఉందంట. నన్ను పిలవలేదు. ఎవడో అద్దె మనిషిని పట్టుకొచ్చి, మన మనిషని చెప్పి, ముప్పై అనిపిస్తారంట. ఆ ఆఫీసులో ఊడ్చే పిల్ల చెప్పింది."

డ్రైవరు చేతిలోని మాత్రల డబ్బా మూత తిప్పుతూ నిలబడ్డాడు. "అట్లాగా?"

"వాడు నా కంటబడాలి! ఈ సూదితోనే వాడి పెదాలు రెండూ కలిపి కుట్టేస్తాను. ముందు కుట్టు, వెనక కుట్టు, మళ్లీ ఓ కాజా!"

"వాడికేం కష్టం వచ్చిందో అక్కా. పోనీ పాపం."

"ఏం కష్టం? వాడికేం జబ్బా? వాడి పెళ్లాం వచ్చి ఇక్కడ నిలబడుతోందా? మనలాగా ఓసారి నిలబడితే తెలిసేది!" అక్క కోపంలో గుండీ తలకిందులుగా కుట్టేసింది. "నువ్వు మెత్తటోడివి తమ్ముడూ. అందరి మీదా జాలే నీకు."

మెత్తటోడు డబ్బా జేబులో వేసుకుని, తల వంచుకుని వచ్చేశాడు.

శుక్రవారం పొద్దున భార్యకు చెప్పక తప్పలేదు. సభకు వేసుకోమని గడుల గారు ఓ వెలిసిపోయిన చొక్కా పంపారు. ఉండలా చుట్టి, నలిపి మరీ పంపారు. ఇదెక్కడిదని ఆమె అడిగింది. చెప్పాడు. ఆమె మంచం మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది.

"అంటే నిన్ను నీలాగా నటించమన్నారా?"

"అదీ సరిగ్గా రావట్లేదన్నారు."

ఆమె ఇంకా నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం కాస్త ఎక్కువసేపు సాగింది.

"ఏమంటావు మరి?"

"ముప్పై అంటే నీ పని పోతుంది. పది అంటే నా పని పోతుంది."

"ఎవరిది పోయినా పొయ్యి ఒకటేగా. కానీ పది అన్నావనుకో, ఆ సంగతి నీకెట్లా తెలుసని అడుగుతారు."

"అడుగుతారు."

"అప్పుడు?"

అతను చొక్కా అందుకోబోయాడు. ఆమె చొక్కా లాక్కుని బల్ల మీద పరిచి, నీళ్లు చిలకరించి, ఇస్త్రీపెట్టె ఆనించింది.

"నలిపి వేసుకోమన్నారే" అన్నాడతను.

"నలిగిన గుడ్డ కడితేనే జబ్బున్నట్టా? ఇస్త్రీ చేసి బతికేదాన్ని. నా ఇంట్లోంచి నిన్ను అట్లా పోనివ్వను. ఏం చెప్తావో నీ ఇష్టం. కాలరు మాత్రం నిలబడాలి."

కాలరు కత్తిలా నిలబడింది.

సభ పదిన్నరకు. వేదిక మీద గుడ్డ బ్యానరు, మైకు, నాలుగు కుర్చీలు. ఒక కుర్చీ ముందు 'సమాజ ప్రతినిధి' అని చెక్కపలక. కింద డెబ్భై మంది సిబ్బంది, చప్పట్లకు సిద్ధంగా. సమాజం పాల్గొనే సభ కాబట్టి బయటివాళ్లెవరినీ గేటు లోపలికి రానివ్వలేదు. డ్రైవరు మెరిసే చొక్కాతో రావడం చూసి గడుల గారికి చెమటలు పట్టాయి. మెట్ల దగ్గరే ఆపి, తన చేత్తోనే అతని చొక్కా చేతిని నలపబోయారు. ఇస్త్రీ గట్టిది. లొంగలేదు.

పరిశీలకురాలు నెరిసిన జుట్టు మనిషి. అరిగిపోయిన పెన్సిలు ముక్క ఒకటి చేతిలో పట్టుకుని కూర్చున్నారు. డైరెక్టరు గారు ముప్పావు గంట మాట్లాడారు. ప్రజల గొంతు అన్న మాట పదకొండుసార్లు వచ్చింది. పన్నెండోసారి వస్తుండగా ఆవిడ వాచీ చూసుకుని, డ్రైవరు వైపు తిరిగారు.

"మీరు నివేదిక చదివారా?"

"చదివానండీ. రెండు వందల పన్నెండు పేజీలు."

అది నిజం. ఆఫీసు మొత్తం మీద దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది అతనొక్కడే. కారులో కూర్చుని ఎదురుచూసేవాడికి తీరిక ఎక్కువ.

"నలభై ఒకటో పేజీలో అందరికీ ముప్పై రోజుల మందులు అందుతున్నాయని ఉంది. మీకు కిందటిసారి ఎన్నిచ్చారు?"

ఆవిడ కుర్చీ వెనక నుంచి గడుల గారు మూడు వేళ్లు ఎత్తి చూపించారు. డ్రైవరు నోరు తెరిచాడు. 'ము' అన్న అక్షరం వచ్చింది. అక్కడే ఆగిపోయింది. కారు గేరు పడనట్టు గొంతు గరగరమంది. మళ్లీ మొదలుపెట్టాడు.

"పదండీ."

"ఎంత?"

"పది. మొన్న బుధవారం ఇచ్చారు. రెండో కిటికీ. మిగతావి తరవాత అన్నారు. ఎనిమిది నెలలుగా తరవాతే అంటున్నారు. నా ముందున్నవాళ్లకీ పదే, వెనక ఉన్నవాళ్లకీ పదే."

హాల్లో డెబ్భై మందికీ చప్పట్లు కొట్టాలో వద్దో తెలియలేదు. ఒకాయన అలవాటుగా ఒకటి కొట్టి ఆపేశాడు. పెన్సిలు ముక్క గబగబా కదిలింది.

డైరెక్టరు గారు లేచారు. "అది... ఆయన పొరబడ్డారమ్మా. కంగారులో..."

"కూర్చోండి. ప్రజల గొంతు వినాలని మీరే అన్నారుగా."

"ప్రజల గొంతేమిటమ్మా!" ఉక్రోషంలో డైరెక్టరు గారి నోరు ఆయన చెప్పుచేతల్లోంచి జారిపోయింది. "వీడు నా డ్రైవరు! వీడికి ఏ జబ్బూ లేదు! దుక్కలా ఉన్నాడు, చూడండి! మేమే తెచ్చి కూర్చోబెట్టాం!"

మైకు పక్కనే ఉంది. ఆ మాట వెనక వరసకూ, వరండాలోకీ, కింద కారు షెడ్డు దాకా వినిపించింది.

పరిశీలకురాలు పెన్సిలు ఎత్తారు. "అంటే, జబ్బు లేని మనిషిని తెచ్చి ప్రతినిధి అని కూర్చోబెట్టారా?"

డైరెక్టరు గారు ఇప్పుడు మైకును అరచేత్తో మూశారు. డ్రైవరు నిజమైన ప్రతినిధి అయితే నలభై ఒకటో పేజీ అబద్ధం. కాకపోతే ఆరో అధ్యాయం మొత్తం అబద్ధం. గడుల గారు గుండె పట్టుకుని కళ్లు పైకప్పుకు తిప్పారు. ఈసారి మూలుగు సహజంగా వచ్చింది.

డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని సంగతి ఇప్పటికీ భద్రమే. ఏ జబ్బూ లేదని స్వయానా డైరెక్టరు గారే మైకులో చెప్పారు. నోరు మూసుకుని నిలబడితే చాలు. ఆరేళ్లు దాచింది ఇంకో ఆరేళ్లు దాగుతుంది. కానీ అప్పుడు పది అన్న మాట కూడా అద్దె మనిషి మాటే అవుతుంది. దాన్ని కొట్టేస్తారు. ముప్పై అలాగే ఉంటుంది.

"ఉందండీ" అన్నాడు.

"ఏమిటి?"

"జబ్బు. నాకు ఉందండీ. ఆరేళ్లయింది. మా ఆవిడకూ ఉంది." డైరెక్టరు గారి వైపు మర్యాదగా తిరిగాడు. "సార్ మీతో అబద్ధం చెప్పలేదండీ. సార్‌కు తెలియదు."

 

ఆవిడ అతని ముఖంలోకి చూశారు. అక్కడ మూలుగూ లేదు, దిగులూ లేదు. బస్సుల వేళల పట్టిక చదువుతున్నవాడి ముఖంలా ఉంది. ఆవిడకు అది చాలినట్టుంది. ఏదో రాసుకుని, డైరెక్టరు గారి వైపు చెయ్యి చాపారు.

"అభినందనలు. మీ ఆరో అధ్యాయం నిజమేనన్నమాట. మీరే అనుకోలేదు, అంతే. నలభై ఒకటో పేజీ దిద్దండి. ఆ పదిని బట్టి, కొరత తీరేలా సరుకు పంపిస్తాం."

గడుల గారు ఎర్ర సిరాతో ముప్పై కొట్టేసి పది వేసి, పక్కన పొడి సంతకం చేశారు. పేజీ కింద డ్రైవరు పూర్తి సంతకం పెట్టాడు. సెలవు చీటీల మీద పెట్టే సంతకమే. నిజం కింద పెట్టడం మాత్రం ఇదే మొదలు. గడి నిండేసరికి గడుల గారి ప్రాణం కాస్త కుదుటపడింది. "ఇక నిన్ను పన్లోంచి తీయడానికి కూడా వీల్లేదయ్యా" అన్నారు చెవిలో, అభినందిస్తున్నట్టో ఏడుస్తున్నట్టో తెలియకుండా. "సంతకం పెట్టిన ప్రతినిధిని రెండేళ్ల దాకా కదపకూడదని మూడో అనుబంధంలో ఉంది. అక్కడ గడి ఖాళీగా ఉంటే నేనే రాశాను."

సభ ఇంతటితో ముగియాల్సింది. కానీ మైకు దగ్గర కొత్త గుమాస్తా ఉన్నాడు. చేతిలో కార్యక్రమాల జాబితా ఉంది. చదవమన్నది చదవడమే అతని పని. గొంతు సవరించుకుని చదివాడు:

"తరువాతి అంశం. సమాజానికి ఆదర్శంగా, డైరెక్టరు గారు ప్రతినిధిని ఆప్యాయంగా ఆలింగనం చేసుకుంటారు. ఫొటోగ్రాఫరు గారు ముందుకు రావలసిందిగా కోరుతున్నాము."

ఆ అంశం డైరెక్టరు గారే సోమవారం సాయంత్రం తన చేతిరాతతో చేర్చారు. డ్రైవరును కౌగిలించుకోవడానికి భయమెందుకని చేర్చారు.

ఫొటోగ్రాఫరు ముందుకొచ్చాడు. డ్రైవరు చేతులు కొద్దిగా చాపాడు. పరిశీలకురాలు పెన్సిలు పక్కన పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఆసక్తి కనబరిచారు.

డైరెక్టరు గారు ఒకడుగు ముందుకేశారు. ఒకటిన్నర వెనక్కేశారు.

"నాకు... రెండు రోజులుగా జలుబమ్మా. నాదేముంది, ఆయన ఆరోగ్యం ముఖ్యం కదా! ఆయనకు అంటుకుంటే!"

పదకొండేళ్లలో డ్రైవరు మొదటిసారి 'ఆయన' అయ్యాడు. డైరెక్టరు గారు రైలెక్కిన చుట్టానికి వీడ్కోలు చెబుతున్నట్టు గాల్లో అరచెయ్యి ఊపి, పక్క తలుపు గుండా వెళ్లిపోయారు.

డ్రైవరు మెట్లు దిగుతూ భార్యకు ఫోను చేశాడు.

"చెప్పేశాను."

"ఏది? పదా, రెండోదా?"

"రెండూ."

అవతల ఇస్త్రీపెట్టె ఆవిరి బుస్సుమంది. "సరే" అంది. "పొద్దున ఏమీ తినకుండా పోయావు. దారిలో ఏదన్నా తిను" అంది.

గేటు దగ్గర డైరెక్టరు గారు నిలబడి ఉన్నారు. డ్రైవరు కారు తెచ్చి, ఎప్పటిలాగే దిగి వెనక తలుపు తీశాడు. డైరెక్టరు గారు ఆ సీటు వైపు చూశారు. స్టీరింగు వైపు చూశారు. ఆకాశం వైపు చూశారు.

"నడుస్తాను. నడక ఒంటికి మంచిది."

"ఐదు కిలోమీటర్లండీ సార్."

"ఐదైతే ఏం!" అని బయల్దేరారు.

అధికారి ఇల్లు చేరేదాకా ఆఫీసు కారు ఆయన్ని వదలకూడదు. అది డైరెక్టరు గారే పెట్టిన నిబంధన. డ్రైవరు మొదటి గేరులో వెనకే పోనిచ్చాడు. గేటు అవతల గోడ పక్కన కుట్టుపని అక్క నిలబడి ఉంది. పొద్దుటి నుంచీ కాపలావాడు లోపలికి వదల్లేదు. చంకలో నోటుపుస్తకం, చేతిలో సూది. కారులో ఉన్నదెవరో చూసి నోరు తెరిచింది.

"తమ్ముడూ! నువ్వు ఈ కారుకా? లోపల కూర్చున్న ఆ అద్దె వెధవ..."

"నేనే అక్కా."

అక్క సూది అలాగే గాల్లో ఆగిపోయింది. డ్రైవరు పెదాలు బిగించుకుని, కుట్టుకు సిద్ధంగా ముఖం ముందుకు పెట్టాడు.

"ఎంతని చెప్పావు?"

"పది. ఎర్ర సిరాతో దిద్దించి సంతకం కూడా పెట్టాను."

అక్క అతన్ని చూసింది. అతని కాలరు చూసింది. సూది నోటుపుస్తకానికి గుచ్చేసింది.

"పొద్దుటి నుంచి నిలబడి కాళ్లు పీకుతున్నాయిరా. ఆ తలుపు తియ్యి."

వెనక సీటులో నడిమధ్యన కూర్చుంది. కారు కదిలింది. ముందు డైరెక్టరు గారు రోడ్డు వారగా చకచకా నడుస్తున్నారు. వెనక ఆయన కారు ఆయన వేగానికి పాకుతోంది. కూడలి వచ్చింది. ట్రాఫిక్ పోలీసుకు ఆ కారు నంబరు కొట్టిన పిండి. దూరం నుంచే చూసి, ఎదుటి బండ్లన్నీ ఆపేసి, బూట్లు టకీమనిపించి వెనక సీటుకు గట్టిగా సెల్యూట్ కొట్టాడు. అక్క గంభీరంగా తలూపింది.

కారుకు అడ్డంగా నడుస్తున్న పెద్దమనిషిని చూసి మాత్రం పోలీసుకు ఒళ్లు మండింది. విజిల్ ఊది, చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"తప్పుకోవయ్యా! డైరెక్టరు గారు వస్తుంటే కనపడట్లా?"